గాటు చెవి

తొమ్మిదో భాగం

కిందటి వారం తాయారుని కమ్యూనిటీ హాలు మెట్ల మీద వదిలిపెట్టాం. అర్జెంటు మీటింగని కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి త్రినాథరావు ఆదివారం మధ్యాహ్నం కబురు పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఉక్కునగరంలో ఆ సెక్టారు వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించే పని తాయారు నెత్తిన వేసుకుని ఏడు నెలలైంది. సైకిల్ షెడ్డులో ప్రతి ఆదివారం పొద్దున్న, రిటైరైన పశువుల డాక్టరు గురునాథరావు గారు గోపాలపట్నం నుంచి బస్సులో వచ్చి చేస్తారు. ఆపరేషన్ అయిన కుక్కకి ఎడమ చెవి కొస తీసేసి గాటు పెడతారు. గాటున్న కుక్కకి కాంట్రాక్టరు మనుషులు విషం ఉండలు వేయకూడదు. కానీ గాటున్న కుక్క ఒక్కటి ఈనినా ఆ మాట చెల్లదు, షెడ్డు ఖాళీ చేయాలి. సంఘం సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇదీ.

హాల్లో అడుగుపెట్టగానే తాయారుకి విషయం తెలిసిపోయింది.

బల్ల మీద మైకు పెట్టే చోట మామిడిపళ్ల బుట్ట ఉంది. బుట్టలో గోనెపట్టా. పట్టా మీద గోధుమ రంగు ఆడకుక్క. దాని పొట్ట కింద కళ్లు తెరవని పిల్లలు ఐదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతున్నాయి. కుక్క ఎడమ చెవికి కొస లేదు.

"చూసుకోండి, పొద్దున్న క్వార్టర్ల వెనక సందులో దొరికింది," అన్నాడు త్రినాథరావు. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో ఆ కాగితం. "చెవి ఉందా? చెవికి గాటుందా? ఐదుగురు పిల్లలున్నారా? ఏటండీ డాక్టరు గారూ, మీ ఆపరేషను పిల్లలు పుట్టకుండా ఉండ్డానికా, పుట్టడానికా?"

హాలంతా నవ్వింది. అరవై డెబ్భై మంది ఉంటారు. పొద్దుటి ఎ షిఫ్టు దిగి భోంచేసి వచ్చినవాళ్లు, ఆదివారం నిద్ర చెడగొట్టుకుని వచ్చినవాళ్లు.

"ట్రాన్సిస్టరు ఇవ్వలేదేమో బావా," అన్నాడు వెనక వరసలోంచి అబ్బులు. "అప్పట్లో ఆపరేషన్ చేయించుకుంటే మనోళ్లకి ఇచ్చీవోరు కదా. ఆశపడొచ్చి, ఇవ్వకపోతే కోపమొచ్చి కనేసినాది!"

మళ్లీ నవ్వులు. కుటుంబ నియంత్రణ మాట ఎత్తితే చాలు, ఆ హాల్లో ఎవరికైనా నవ్వు రావలసిందే. ఏడు నెలలుగా తాయారు ఆ నవ్వులు వింటూనే ఉంది. 'కుక్కల డాక్టరమ్మ' అని పాలబ్బాయి దగ్గర్నుంచి పేపరబ్బాయి దాకా అందరూ అన్నారు. ఆమె పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం చెవుల దాకా మంట పాకింది.

గురునాథరావు గారు కళ్లజోడు తుడుచుకుని, వంగి, కుక్క చెవిని రెండు వేళ్లతో పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది నా చేతి కోత కాదు," అన్నారు.

"మీ చేతిది కాకపోతే దాని చేతిదేనా?" అన్నాడు త్రినాథరావు.

"నాది తిన్నగా ఉంటుంది, స్కేలు పెట్టి గీసినట్టు. ఇది వంకర. బ్లేడుతో కోశారు. మానిపోయి రెండు మూడు నెలలైంది."

"మాస్టారూ, చెవులకి స్కేళ్లు పెట్టి కొలుచుకుంటూ కూర్చుంటామా? మా బ్లాకులో క్రేను ఆపరేటరు కొడుక్కి కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు వేశారు. ఆ పిల్లాడి ఏడుపు పద్నాలుగు రోజులు నేను విన్నాను. మీరు విన్నారా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఒక్క మాటలో అబద్ధం లేదని తాయారుకి తెలుసు. అది అబద్ధం కాదు కాబట్టే ఆమె ఈ పని మొదలుపెట్టింది. ఏటా విషం పెట్టి యాభై చంపితే ఆర్నెల్లు తిరక్కుండా డెబ్భై వస్తున్నాయని, లెక్క చూడండని, ఈ త్రినాథరావుకే మూడుసార్లు చెప్పింది.

ఆమె లేచి బల్ల దగ్గరికి నడిచింది. పక్కన కూర్చున్న భర్త శ్రీరామ్మూర్తి ఆమె కొంగు చివర పట్టుకుని వదిలేశాడు.

"తాయారూ, వదిలెయ్," అన్నాడు నోట్లోనే.

ఆమె వదల్లేదు. కుక్క మెడ కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తి, వెల్లకిలా తిప్పింది. పిల్లలు జారిపడి కుయ్యి కుయ్యిమన్నాయి.

"దగ్గరికి రండి. అబ్బులు గారూ, మీరూ రండి, నవ్వడానికి దగ్గరైతే బాగుంటుంది. మేం ఆపరేషన్ చేసినవి నలభై మూడు. వాటిలో దేన్నయినా తిరగేసి చూడండి, బొడ్డు కింద రెండంగుళాల గీత ఉంటుంది. కుట్టిన గుర్తు. ఇదిగో, దీనికి ఉందా? వేలు పెట్టి చూడండి. ఉందా?"

ముందు వరసలో ఇద్దరు మెడలు సాచారు. ఒకాయన వేలు పెట్టబోయి మానుకున్నాడు.

"లేదు," అన్నాడు ఎవరో.

"లేదు కదా? దీనికి ఎవరూ ఆపరేషన్ చేయలేదు. ఉత్త చెవి కోశారు."

అలా అంటూ ఉండగానే ఆమె వేళ్లకి కుక్క మెడ కింద బొచ్చులో ఏదో తగిలింది. గుడ్డ పీలిక. చిలకపచ్చ. మురికి పట్టినా మామిడిపిందెల అంచు కనిపిస్తూనే ఉంది.

ఆపరేషన్ అయిన కుక్కకి కుట్లు విప్పి వదిలేటప్పుడు మెడలో ఒక గుడ్డ పీలిక కట్టడం క్యాంపులో పద్ధతి. దాన్ని చూసి జనం ఆ కుక్కని తరమకుండా ఇంత అన్నం పెడతారని. పీలికలన్నీ తాయారు ఇంట్లో పాత పంచెలవి, తెల్లవి. ఈ చిలకపచ్చది అందులోది కాదు. మొన్న దసరాకి ఆ చీరని ఆమె క్యాంపుకి ఇవ్వలేదు, ఒక మనిషికి కట్టుకోమని ఇచ్చింది.

ఎవరూ చూడకుండా ముడి లాగి పీలికని పిడికిట్లో దాచింది. ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతసేపూ నిజం నిజమని అరిచిన మనిషి ఇలా దొంగచాటుగా గుడ్డముక్క దాచుకోవడమేమిటి?

పట్టు సడలగానే కుక్క బల్ల మీంచి దూకింది. ఎదురుగా తలుపు బార్లా తెరిచి ఉంది. అది తలుపు వైపు పోలేదు. పొట్ట నేలకి ఆనించి, తోక కాళ్ల మధ్య దోపుకుని, కుర్చీల కింద నుంచి ఆడవాళ్ల రెండో వరసలోకి పాకింది. కేకలు లేచాయి. అక్కడ కూర్చున్న త్రినాథరావు భార్య వెంకటరమణమ్మ కాళ్లు కుర్చీ మీదకి లాక్కుని, ముక్కు దాకా కొంగు కప్పుకుంది. వాచ్‌మన్ వచ్చి మెడ పట్టుకుని ఈడ్చాడు.

"బయటికి దారి కూడా తెలీని జంతువు," అన్నాడు త్రినాథరావు. "సరే మేడమ్, ఒప్పుకున్నాం. మీరు ఆపరేషన్ చెయ్యలేదు, ఎవరో చెవి కోసేశారు. మరి ఎవరు పడితే వాళ్లు కోసీగలిగిన గాటుకి విలువేటండీ? ఎల్లుండి, మంగళవారం పొద్దున్న కాంట్రాక్టరు వస్తాడు. ఈలోగా కోసిన మనిషి పేరు నాకివ్వండి. ఆ మనిషి సంఘం ముందు నిలబడి నేనే కోశానని చెప్పాలి. అప్పుడు మీ షెడ్డు మీకుంటాది. లేదంటే చెవులు చూడ్డం ఉండదు. తోక ఉంటే చాలు."

చేతులెత్తమన్నాడు. ఎత్తారు. కుక్కనీ పిల్లల్నీ సాక్ష్యమని చెప్పి హాలు వెనక గదిలో పెట్టి తాళం వేశారు.

బయటికి వచ్చాక శ్రీరామ్మూర్తి అన్నాడు, "ఇంటికి పద. నలుగురితో గొడవ పెట్టుకుని మనం ఇక్కడ బతగ్గలమా? రేపు ప్రమోషన్ లిస్టు వేసేవాళ్లలో త్రినాథరావు బావమరిది ఉన్నాడు."

"మీరు వెళ్లి పాలు కాచి తోడుపెట్టండి. మరీ వేడి మీద వెయ్యకండి, నిన్నటిలా నీళ్లవుతుంది," అంది తాయారు, ప్రహరీ వైపు తిరిగి నడుస్తూనే.

*

నిర్వాసితుల కాలనీ ఉక్కునగరం ప్రహరీ దాటాక అర మైలు. ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్లవాళ్లకి చూపించిన స్థలాలు. తాయారు ఆ అర మైలూ పీలికని గుప్పిట్లో నలుపుకుంటూనే నడిచింది.

జోగమ్మ వాకిట్లో కూర్చుని చేటలో చోళ్లు చెరుగుతోంది. యాభై దాటిన మనిషి. సెక్టారులో నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. ఆదివారం ఆదివారం షెడ్డుకి వచ్చి కుక్కల్ని పట్టుకుంటుంది. ఎంత కరిచే కుక్కైనా జోగమ్మ పిలిస్తే వస్తుంది. మత్తు ఎక్కేదాకా వాటి నుదురు నిమురుతూ ఏదో గొణుగుతూ ఉంటుంది. జోగమ్మ లేకపోతే క్యాంపే లేదని డాక్టరు గారు పది మంది ముందు అన్నారు.

ఆమె చుట్టూ కుక్కలు పడుకుని ఉన్నాయి. ఏడో ఎనిమిదో. తాయారు ఒక్కొక్క చెవీ చూసింది. అన్నీ వంకర కోతలే.

"రా తల్లీ. కూకో. ముకం అలగున్నాదేటి?"

"కూర్చోడానికి రాలేదు." తాయారు గుప్పిట తెరిచింది. "ఇదేమిటి?"

జోగమ్మ చెయ్యి చేట మీద ఆగిపోయింది.

"నేను నీకు కట్టుకోమని ఇచ్చిన చీర ఇది."

"కట్టుకున్నాను. సిరిగినాక సింపినాను."

"ఎన్ని చెవులు కోశావు?"

"నెక్కెట్టనేదు."

"లెక్క పెట్టలేదు! నీకు తెలుసా జోగమ్మా, నువ్వేం చేశావో? ఆ గాటు ఒక్కటే వాటి ప్రాణానికి అడ్డు. అది అబద్ధమైపోయింది. ఎల్లుండి పొద్దున్న విషం ఉండలు వేస్తారు. గాటున్నవీ లేనివీ అన్నీ పోతాయి. నువ్వు నీ చేతుల్తో పట్టుకున్న నలభై మూడు కుక్కలూ పోతాయి. మనుషుల్ని నమ్మడం మనమే నేర్పాం కదా వాటికి! ముందు అవే పరిగెత్తుకుంటూ వెళ్లి తింటాయి!"

జోగమ్మ చేటలో చోళ్లు సర్దుతూ కూర్చుంది. అది చూసి తాయారుకి ఇంకా ఒళ్లు మండింది.

"ఎందుకు కోశావు? ఆపరేషన్‌కి తీసుకురావచ్చు కదా? డబ్బులనుకున్నావా? మొదట ఐదు రూపాయలన్నాం. మీవాళ్లు రావట్లేదని రెండు చేశాను. అప్పటికీ రాకపోతే మీ కాలనీకి అసలు వద్దన్నాను. డాక్టరు గారి చేత బస్సు చార్జీలు కూడా మానిపించాను. ఇంకేం చెయ్యమంటావు? ఎదురిచ్చి బతిమాలాలా?"

"డబ్బులని నీకెవులు సెప్పినారు?"

"మరింకేమిటి?"

జోగమ్మ చేట పక్కన పెట్టింది. లేచి, గోడవారనున్న ఇనప బకెట్టుని కాలితో ముందుకి తోసింది. అడుగు తుప్పు పట్టింది. లోపల గంజి. ఒక కుక్క లేచి వచ్చి మూతి పెట్టింది.

"మా సెల్లి నూకాలుకి ఇచ్చినారు. ఎమర్జెన్సీ అన్నారు సూడు, ఆ ఏడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనని జీపు ఏసుకుని ఊర్లోకి వచ్చినారు. నొప్పుండదన్నారు. పొద్దున్నొస్తే సాయంత్రానికి ఇంటికెల్లిపోవచ్చన్నారు. డబ్బులొద్దు, మేమే ఇత్తామన్నారు. ఎల్లినాది. సాయంత్రానికి వచ్చేసినాది కూడా. నాలుగో నాటికి జొరం. ఎవుల్ని పిలిసినా రానేదు. ఆరో నాటికి నేదు. నా ఒల్లోనే పోనాది. బకెట్టు మాత్రం ఇచ్చినారు. కొత్త బకెట్టు."

గంజి తాగుతున్న కుక్క తల ఎత్తి ఇద్దరినీ చూసి మళ్లీ మూతి పెట్టింది.

"ఇప్పుడు నువ్వు షెడ్డుకాడ నిలబడి అంటావు సూడు, 'నొప్పుండదు, డబ్బులొద్దు' అని. అదే మాట. ఆ జీపులో ఆవిడ నీలాగే మంచి సీర కట్టుకున్నాది. మంచిగానే మాటాడినాది."

తాయారు చూపు ఆ బకెట్టు మీద పడింది. కానీ కోపం పోలేదు. దయకి చోటివ్వకుండా ఆ కోపం అలాగే నిలబడి ఉంది.

"మరి ఆదివారం ఆదివారం వచ్చి పట్టుకున్నావు కదా? ఆ కుక్కలు చస్తే ఫరవాలేదా?"

"అవి ఎవులివీ కావు. పట్టుకునీవోల్లు నేకపోతే బయపడతాయి కదాని వచ్చినాను. ఇవి మా ఊరివి. ఊరు కాళీ సేసినప్పుడు సామాన్లు లారీకెత్తినాం. కుక్కల్ని ఎక్కనివ్వనేదు. లారీ ఎనకాల పరిగెట్టి పరిగెట్టి ఆగిపోనాయి. పడగొట్టిన ఇల్లకాడే కూకున్నాయి ఎన్నాల్లో. ఆటికేటి తెలుసు? ఇప్పుడు అదే సోట మీ కోటర్లు లేసినాయి, మావి వీదికుక్కలైపోనాయి. మనుసులకి పేరు రాసి కాయితాలిచ్చినారు. ఆటికెవులిచ్చినారు? నీ గాటొక్కటే కాయితం. అందుకని కోసినాను. పసుపెట్టి, నీ సీర పీలిక కట్టి ఒగ్గేసినాను."

"ఒక్క మాట నాతో చెప్పాల్సింది."

"నువ్వడిగినావేటి?"

తాయారు తను చేసినవన్నీ మనసులో తిరగేసుకుంది. ధర తగ్గించింది. మళ్లీ తగ్గించింది. అసలే వద్దంది. ఎందుకు రావడం లేదని మాత్రం అడగలేదు. ఇంటి ముందు ముగ్గులో చుక్క తప్పితే చెరిపి మళ్లీ వేసే మనిషి, పప్పులో రాయి వస్తే కొట్టుకి తిప్పి పంపే మనిషి, ఏడు నెలలు పక్కపక్కన పనిచేసిన ఆడదాన్ని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. పేదవాళ్లు కాబట్టి డబ్బే అడ్డమని తనంతట తనే అనేసుకుంది.

"సరే, అడగలేదు. తప్పు నాదే," అంది గట్టిగానే. "నీ చెల్లెలికి జరిగింది అన్యాయం. సాయంత్రానికి ఇంటికి తోలేసి, జ్వరం వస్తే చూసే దిక్కు లేకుండా చేశారు. కానీ మన డాక్టరు గారు అలా చేశారా? కుట్లు విప్పేదాకా ఏడు రోజులూ షెడ్డులోనే ఉంచుతాం కదా? రోజూ గోపాలపట్నం నుంచి వచ్చి మరీ థర్మామీటరు పెట్టి చూస్తారు కదా? నీ కళ్లతో చూశావు. ఏడు నెలల్లో ఒక్కటి పోయిందా?"

"నేదు."

"మరి?"

"సూసినాను కాబట్టే..." జోగమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. గంజి తాగుతున్న కుక్క వీపు మీద చెయ్యి వేసింది. "దీన్ని వచ్చే ఆదివారం తెద్దామనుకున్నాను. పిల్లలు పుట్టి పుట్టి సగమైపోనాది. నీకు సెబుదామనే ఉన్నాను."

వచ్చే ఆదివారం. మధ్యలో మంగళవారం ఉంది.

"పేరు కావాలన్నాడా ఆ బాబు?" అంది జోగమ్మ. "నా పేరు సెప్పీ. వచ్చి నిలబడతాను. నాలుగిల్ల పని పోద్ది, పోనీ. దొరబాబుల ముందు నిలబడ్డం నాకేటి కొత్త కాదు."

అదే తేలిక దారి. తాయారు దాన్ని ఆలోచించకపోలేదు. జోగమ్మని హాల్లో నిలబెట్టడం, ఆమె ఒప్పుకోవడం, వెనక వరసలోంచి అబ్బులు ఏదో ఒకటి అనడం, అందరూ నవ్వడం. షెడ్డు దక్కుతుంది. కుక్కల్ని పట్టుకునే చెయ్యి మాత్రం ఉండదు. పైగా రేపటి నుంచి త్రినాథరావు, 'నిర్వాసితుల పనే ఇదంతా' అని ఊరంతా చెప్పుకుంటాడు.

అప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది.

"జోగమ్మా, బుట్టలో ఉన్న ఆ గోధుమ రంగు కుక్క మీ ఊరిదేనా?"

జోగమ్మ చూపు తిప్పుకుంది.

"కాదు. అది ఇంటి కుక్కలా ఉంది. ఒంటి మీద ఒక్క గజ్జి మచ్చ లేదు. దాని చెవి ఎందుకు కోశావు?"

"కొయ్యమన్నారు."

"ఎవరు?"

"పెరట్లోకి పిలిసినారు. ఇంటాయన డూటీకెల్లినప్పుడు. ఆపరేషనుకి తెత్తే తెలిసిపోద్ది, నువ్వే కోసియ్యన్నాది. కాల్లు నాను పట్టుకోనేదు, ఆవిడే పట్టుకున్నాది. దానికంటే ఆవిడే ఎక్కువ ఏడ్సినాది. పేరు సెప్పనని ఒట్టేయించుకున్నాది తల్లీ. అడక్కు."

తాయారు అడగలేదు. అడగాల్సిన పని లేదు. తెరిచి ఉన్న తలుపు వదిలేసి, అంతమంది కాళ్లు తప్పించుకుంటూ, రెండో వరసలో ఒక్క మనిషి కాళ్ల దగ్గరికి పాకిన కుక్క ఆమె కళ్ల ముందు ఆడింది. దారి తెలీని జంతువు కాదది. దానికి దారి బాగానే తెలుసు.

"నీ ఒట్టు నువ్వు తప్పకు," అంది. "నాకు తెలిసింది."

*

సెక్టారులో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఏ ఇంట్లోంచో కుక్కర్ ఈలలు వినిపిస్తున్నాయి. తాయారు ముందు గుమ్మం వైపు పోలేదు. క్వార్టర్ల వెనక సందులోంచి వెళ్లి, కార్యదర్శి గారి పెరటి గేటు గడియ తీసింది.

వెంకటరమణమ్మ తులసికోట పక్కన చీకట్లో నిలబడి ఉంది. చేతిలో పళ్లెం. పాలన్నం. ఎదురుగా గోడవారన ఒక పాత పట్టా పరిచి ఉంది, ఖాళీగా. రోజూ ఆ వేళకి అన్నం కలిపే చెయ్యి ఇవాళా కలిపేసినట్టుంది, పెట్టడానికి అక్కడ ఏదీ లేదని పెరట్లోకి వచ్చాక గుర్తొచ్చినట్టుంది.

తాయారుని చూసి ఆమె అదిరిపడలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"దానికి ఎవరైనా అన్నం పెట్టారా?" అంది గుసగుసగా. "పాలిచ్చే తల్లి."

దారి పొడుగునా తాయారు కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. మీ ఇంటాయన నా డాక్టరు గారిని నలుగురిలో నవ్వులపాలు చేస్తుంటే కొంగు కప్పుకుని కూర్చున్నారే. మీ కుక్క మీ కాళ్ల దగ్గరికి వస్తే కాళ్లు పైకి లాక్కున్నారే. ఆ మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి, ఒక్కటీ చల్లారలేదు. చిలకపచ్చ పీలికని ఆమె ముఖం ముందు పట్టుకుంది.

"రేపు సాయంత్రం లోపల ఒక పేరు చెప్పాలి వెంకటరమణమ్మ గారూ. జోగమ్మ తన పేరు చెప్పమంది. నాలుగిళ్ల పని వదులుకుని నిలబడతానంది. మీ పేరు మాత్రం చెప్పనంది, ఒట్టు వేసిందట. ఇప్పుడు చెప్పండి, నేనేం చెయ్యాలి?"

వెంకటరమణమ్మ గోడవారన ఖాళీ పట్టా వైపు తిరిగింది. చేతిలో పళ్లెం వాలి, పాలు అంచు దాటి ఆమె కాళ్ల మీద పడ్డాయి.

వంటింటి తలుపు కిర్రుమంది. పెరట్లో లైటు వెలిగింది. బనీనుతో, భుజం మీద తువ్వాలుతో త్రినాథరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముందు తాయారుని చూశాడు. తర్వాత ఆమె చేతిలో వేలాడుతున్న గుడ్డ పీలికని. ఆ తర్వాత గోడవారనున్న పట్టాని, దాని మీద అంటుకుని ఉన్న గోధుమ రంగు వెంట్రుకల్ని. చివరికి అతని చూపు భార్య చేతుల దగ్గర ఆగింది.

"ఆ పళ్లెం ఎవరికే?" అన్నాడు.